లైవ్ ముందు కూర్చోబెట్టేది ఏది?

2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో యూట్యూబ్ ఛానల్‌లో కంటికి విందు చేసే దృశ్యమేమీ లేదు. బెంగళూరు నియంత్రణ కేంద్రంలో వరుసలుగా కూర్చున్న శాస్త్రవేత్తలు, ఎత్తునూ వేగాన్నీ చూపే అంకెలు, తెరమీద మెల్లగా కిందికి వంగుతున్న ఒక గీత, కంప్యూటర్‌లో గీసిన ల్యాండర్ బొమ్మ. అయినా 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి నేలను తాకే వేళకు ఒకేసారి 80 లక్షలమందికి పైగా ఆ ఛానల్ చూస్తున్నారు. అప్పటికి యూట్యూబ్‌లో అదే రికార్డు.

అంతమందిని కదలకుండా కూర్చోబెట్టింది నాలుగేళ్ల నాటి చేదు జ్ఞాపకం. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2ను కూడా దేశమంతా లైవ్‌లోనే చూసింది. ఉపరితలానికి 2.1 కిలోమీటర్ల ఎత్తులో ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాయి, నియంత్రణ కేంద్రం మూగబోయింది. ఈసారీ అలా జరగవచ్చని 2023లో చూస్తున్న ప్రతివారికీ తెలుసు. గీత ఏ క్షణాన దారి తప్పుతుందో చెప్పగలవారు లేరు.

లైవ్ పెట్టడం ఇప్పుడు ఇస్రోలకూ టీవీ ఛానళ్లకూ మాత్రమే చెల్లిన పని కాదు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న బౌద్ధనగర్, వారాసిగూడ, పార్శీగుట్ట, తార్నాక ప్రాంతాలనే తీసుకుంటే, అద్దె గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఉదయం లేవగానే కరెంట్ అఫైర్స్ లైవ్ చూస్తారు. గ్రూప్స్ పాఠాలు చెప్పే మాస్టారు లైవ్‌లోకి వస్తారు, చీరలమ్మే గృహిణి వస్తారు, ప్రాంగణంలో సభ పెట్టిన విద్యార్థి సంఘమూ వస్తుంది. కొన్ని లైవ్‌లకు జనం గంటసేపు అతుక్కుపోతారు. ఎక్కువవాటిలో పదో నిమిషానికి మిగిలేది పెట్టినవారి బంధుమిత్రులే. తేడా ఎక్కడ వస్తోంది?

దీనికి చెప్పే సమాధానాలు మూడు తరగతులుగా కనిపిస్తాయి. మంచి కెమెరా, లైట్లు, వేగమైన నెట్ ఉంటే చాలనేది సామగ్రి పక్షం. అంతా మాటకారితనంలోనే ఉందనేది రెండో పక్షం. మూడోది సందర్భ పక్షం: ఆ గంటలోనే తేలాల్సిన విషయం ఏదో ఒకటి ఉండాలంటుంది. మూడింటిలోనూ నిజముంది, కానీ సమానంగా లేదు.

ఫోన్ రాకముందు

తెలుగువారికి ప్రత్యక్ష ప్రసారాన్ని చెవులప్పగించి వినడం నేర్పింది భద్రాచలం. శ్రీరామనవమి నాడు సీతారామ కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని ఒక తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ఉషశ్రీ అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. బొమ్మ లేని మాధ్యమం అది. పైగా పెళ్లి తంతులో చూడ్డానికి ఏమీ జరగని నిమిషాలే ఎక్కువ. ఆ ఖాళీని కథతో, సందర్భంతో, తర్వాత రాబోయే ఘట్టం మీద ఆసక్తితో నింపడమే వ్యాఖ్యాత పని. మాటకారి పక్షం వాదనకు తెలుగులో ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు. అయితే ఆ మాట వెనక ముహూర్తం అనే గడియారం నడుస్తూ ఉండేదన్నది మరవకూడదు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఫలానా వేళకని శ్రోతకు ముందే తెలుసు. 2020 ఏప్రిల్ 2న కోవిడ్ కారణంగా భక్తులు లేకుండా కల్యాణం జరిపినప్పుడు, ప్రత్యక్ష ప్రసారమే జనానికి మిగిలిన ఏకైక దారి అయింది.

చదువుల విషయంలోనూ ఉస్మానియా ప్రాంతానికి పాత అనుభవమే ఉంది. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాన్ని మొదలుపెట్టాక, పాఠాల వీడియోలు తీసే కేంద్రాలు ఉస్మానియాలోనూ పక్కనే ఉన్న అప్పటి సీఫెల్, నేటి ఇఫ్లూలోనూ వెలిశాయి. ఆ పాఠాల్లో శ్రమ కనిపించేది, విషయం ఉండేది. లేనిదల్లా అడిగే దారి. విద్యార్థికి సందేహం వచ్చినా తెర ఆగదు, తెరమీది మనిషికి ఆ సంగతి చేరదు.

ఈ లోటును కొంత తీర్చింది ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన మన టీవీ. తెలంగాణలో అది 2017లో టీ-శాట్ అయింది, నిపుణ, విద్య అనే రెండు ఛానళ్లతో నడుస్తోంది. పోటీ పరీక్షల పాఠాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. 2020 సెప్టెంబరు 1న 3 నుంచి 10వ తరగతి దాకా పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరితో పాటు ఆ భారం మోసింది టీ-శాటే. అక్కడొక పని విభజన కనిపించింది: రికార్డు చేసిన పాఠం టీవీలో వస్తుంది, సందేహాలు, హోంవర్కు ఉపాధ్యాయుడి ఫోన్‌కు చేరతాయి. కోవిడ్ కాలంలో తట్టిన ఆ ఏర్పాటులో లైవ్ పెట్టేవారు నేర్చుకోవలసిన సూత్రం దాగి ఉంది. ఎప్పుడు విన్నా ఒకేలా ఉండే భాగాన్ని రికార్డు చేయవచ్చు, అవతలి మనిషి జవాబును బట్టి మారే భాగానికి లైవ్ కావాలి.

మిగతా కథ వేగంగా నడిచింది. 2010లో ఐపీఎల్ పోటీలు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వచ్చాయి. 2011లో యూట్యూబ్ లైవ్ కొందరు భాగస్వాములతో మొదలైంది. 2016లో ఫేస్‌బుక్ లైవ్ అందరికీ తెరుచుకుంది, అదే ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా ధరలు కూలిపోయాయి. లైవ్ చూడటానికి డబ్బు లెక్క చూసుకోవలసిన అవసరం చాలామందికి పోయింది. తర్వాత ఏడేళ్లకు, 2023 నవంబరు 19న ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్లమంది చూశారు.

తేలని విషయమే పెట్టుబడి

సందర్భ పక్షానికి సిద్ధాంతబలం 1992లో దొరికింది. డేనియల్ డయన్, ఎలిహు కట్జ్ రాసిన 'మీడియా ఈవెంట్స్' పుస్తకం ప్రత్యక్ష ప్రసారాల్లో జనాన్ని కట్టిపడేసేవి మూడు రకాలంది: పోటీలు, విజయయాత్రలు, పట్టాభిషేకాలు. చంద్రయాన్ రెండోదానికి, క్రికెట్ మొదటిదానికి, భద్రాచల కల్యాణం మూడోదానికి సరిగ్గా సరిపోతాయి.

వేలంపాట మొదటి రకానికే చెందుతుంది. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలాన్ని నిమజ్జనం రోజున ఛానళ్లన్నీ లైవ్ ఇస్తాయి. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల 1,000 రూపాయలు పలికింది. లడ్డూ అదే, మైకు అదే, పాట పెంచే తీరు అదే. తెలియనిది ఒక్క అంకె. కొద్దిసేపట్లో అది తేలిపోతుంది గనుక ఎవరూ ఛానల్ మార్చరు. మరునాడు ఆ వీడియో మొత్తాన్ని చూసేవారు దాదాపు ఉండరు, అంకె పత్రికలో చదివితే సరిపోతుంది.

ఇంటినుంచి చీరలమ్మే లైవ్‌ల రహస్యం కూడా ఇదే. చీరకో నంబరు, ధర, కొంగు విప్పి చూపడం, "సింగిల్ పీస్ అండీ, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి" అన్న పిలుపు. ముందు మెసేజ్ పెట్టినవారికే చీర. అవతల మరో ఊళ్లో మరొకరు అదే చీర మీద కన్నేసి ఉంటారని చూసేవారికి తెలుసు, కాబట్టి వేలు స్క్రీన్‌షాట్ మీదే ఉంటుంది. చైనాలో 2016 నుంచి తావోబావ్ వంటి వేదికలు దీన్ని పెద్ద వ్యాపారంగా మలిచాయి. ఫేస్‌బుక్ మాత్రం తన లైవ్ షాపింగ్ సదుపాయాన్ని 2022 అక్టోబరు 1న మూసేసింది. మన చీరల లైవ్‌లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే బేరం సాగేది వాట్సాప్‌లో. అసలు చిక్కు కొరత నటించడంలో వస్తుంది. అయిపోయిందన్న చీర వారం తిరక్కుండా మళ్లీ కనబడితే కొనేవారు ఇక తొందరపడరు. ఆ లైవ్ మామూలు ప్రకటనగా మారిపోతుంది.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్, గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. ఆ పేరు తెచ్చినవి కూర్చి, కత్తిరించి, నవ్వు ఎక్కడ పండాలో చూసుకుని తీసిన వీడియోలు. హాస్యానికి, కథకు, వంటకు ఎడిటింగ్ చేసే మేలు లైవ్ చేయలేదు. తేలని విషయం లేనప్పుడు లైవ్ పెట్టడమంటే చూసేవారి సమయాన్ని అడిగి తీసుకుని బదులు ఏమీ ఇవ్వకపోవడమే.

బౌద్ధనగర్ గదిలో పాఠం

పోటీ పరీక్షల పాఠానికి ముహూర్తం లేదు, వేలం లేదు. మరి అందులో తేలనిదేమిటి? చాలామంది మాస్టార్లు ఇక్కడే పొరబడతారు. రెండు గంటలు నోట్సు చదివి వినిపించి దానికి లైవ్ అని పేరు పెడతారు.

రికార్డు పాఠాల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఇక్కడ అక్కరకొస్తుంది. 2014లో ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సులకు సంబంధించిన 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి నిలిచేది సుమారు 6 నిమిషాలకు మించలేదు. ఖరీదైన స్టూడియోలో తీసినవాటికంటే, మాస్టారు తన బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవి ఎక్కువసేపు చూశారు. స్లైడ్లకంటే చేత్తో గీస్తూ చెప్పిన పాఠాలు నిలబెట్టాయి. సామగ్రి పక్షానికి ఇది ఎదురుదెబ్బ. లైవ్‌కు ఆరు నిమిషాల లెక్కను నేరుగా అంటించలేం, కానీ దిశ స్పష్టమే: ఆరేడు నిమిషాలకోసారి చూసేవారికి ఏదో ఒక పని పడాలి.

ఆ పని ఎలాంటిదో ఉదాహరణతో చూద్దాం. తెలుగు రాష్ట్రాల ఉద్యోగార్థులకు ప్రాణప్రదమైన అంశం, స్థానికత గురించిన రాజ్యాంగంలోని 371-డి అధికరణం. 1973 నాటి 32వ సవరణతో వచ్చింది. "ఏ సవరణతో వచ్చింది?" అని లైవ్‌లో అడిగితే గూగుల్ చూసి "32" అని కొడతారు, అక్కడితో అయిపోతుంది. అదే తెలంగాణకు 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వును ముందు పెట్టి, 1 నుంచి 7వ తరగతి దాకా చదువు రెండు జిల్లాల మధ్య చీలిన అభ్యర్థి ఎక్కడ స్థానికుడవుతాడని అడిగితే చాట్ మొహం మారిపోతుంది. ఎవరికి వారు తమ బోనఫైడ్లు గుర్తుచేసుకుంటారు. "సర్, నేను మూడేళ్లు నల్గొండలో, నాలుగేళ్లు సికింద్రాబాద్‌లో చదివాను" అని ఒకరు రాస్తే, మాస్టారు ఆ కేసునే బోర్డు మీద గీయవచ్చు. పాఠం అప్పటికప్పుడు అక్కడున్నవారి జీవితాలతో తయారవుతుంది. రేపు ఇంకొక బృందంతో అదే పాఠం వేరుగా నడుస్తుంది. తేలని విషయాన్ని పాఠంలోకి తెచ్చే దారి ఇది.

సిలబస్‌లో ఇలాంటి తావులు కొన్నే ఉంటాయి. మిగతాదాన్ని చిన్న రికార్డు వీడియోలుగా ముందే ఇచ్చి, వారానికొక లైవ్‌ను లెక్కలు చేయడానికి, జవాబు పత్రాలు దిద్దడానికి, సందేహాలకు వాడుకునేవారు రోజూ లైవ్ పెట్టేవారికంటే తక్కువ అలసిపోతారు, విద్యార్థులకు ఎక్కువ ఇవ్వగలుగుతారు. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసం ఒకదాన్ని తెరమీద పెట్టి, రాసినవారి పేరు దాచి, పంక్తి పంక్తికీ మార్కులు ఎక్కడ పోతున్నాయో చూపడం కంటే ఉత్కంఠ గల లైవ్ ఈ ప్రాంతంలో ఊహించడం కష్టం.

ముందు గొంతు వినబడాలి

సామగ్రి పక్షాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. దాని మాట ఒక కనీస హద్దు దాకా నిజం, ఆ హద్దులో మొదటిది శబ్దం. బొమ్మ మసకబారితే జనం సర్దుకుంటారు. మాట తెగితే "సర్ వాయిస్ రావట్లేదు" అని రెండుసార్లు రాసి వెళ్లిపోతారు.

ఉస్మానియా పరిసరాల్లో శబ్దం ఒక యుద్ధమే. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా స్టేషన్ల మీదుగా పోయే రైలు మార్గం దగ్గర్లోనే ఉంది, హారన్ కిటికీలు మూసినా వస్తుంది. బోరు మోటారు, కుక్కరు విజిల్, కూరగాయల బండి మైకు సరేసరి. ఖాళీ గోడల చిన్న గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది. దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. కాలర్‌కు పెట్టుకునే మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే గది శబ్దం తగ్గుతుంది. ఫోన్ ఎదుటి గోడకు బొంతో దుప్పటో వేలాడదీస్తే ప్రతిధ్వని చాలావరకు చస్తుంది. నడినెత్తిన తిరిగే ఫ్యాను గాలి మైకులో హోరుమంటుంది కాబట్టి దాన్ని తగ్గించి, టేబుల్ ఫ్యాను దూరంగా పెట్టుకోవచ్చు. వెలుతురుకు కిటికీ చాలు, మనిషి కిటికీవైపు తిరిగి కూర్చుంటే. వీపు కిటికీకి పెడితే మొహం నల్లబడుతుంది.

తర్వాతిది నెట్. ఇక్కడ చాలామంది చూసేది డౌన్‌లోడ్ వేగం, లైవ్‌కు కావలసింది అప్‌లోడ్. యూట్యూబ్ సూచనల ప్రకారం సెకనుకు 30 ఫ్రేముల 720పి ప్రసారానికి 4 ఎంబీపీఎస్, 1080పికి 10 ఎంబీపీఎస్ సరిపోతుంది. అంటే గంటకు మొదటిదానికి దాదాపు 1.8 జీబీ, రెండోదానికి 4.5 జీబీ డేటా పైకి వెళుతుంది. ఒక్క వైఫైని గదిలో నలుగురూ పంచుకునే చోట 720పియే తెలివైన ఎంపిక. పాఠంలో కనిపించాల్సింది బోర్డు మీది అక్షరాలు, వాటిని పెద్దవిగా రాస్తే 720పి సరిపోతుంది. వైఫై బదులు రౌటర్ నుంచి తీగ లాగడం, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టడం, వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవడం — లైవ్ మధ్యలో తెగకుండా కాపాడేవి ఈ మూడే. కంప్యూటర్ ఉన్నవారికి ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2012 నుంచి అందుబాటులో ఉంది. మొహాన్నీ స్లైడ్లనూ బోర్డునూ ఒకే తెరమీదికి తేవడానికి అది చాలు.

ఇంతకుమించి పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం తగ్గుతూ పోతుంది. ఆ డబ్బును చాట్ చూసుకునే ఒక మనిషికి ఇవ్వడం మేలు.

పృచ్ఛకులను ఎలా కూర్చోబెట్టాలి?

చాట్ విషయంలో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అష్టావధానం అనే ప్రక్రియ ఉంది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ ఎనిమిది వైపులనుంచి పృచ్ఛకులు అడుగుతారు. అయినా గందరగోళం ఉండదు. ప్రతివారికీ ఒక స్థానం, ఒక వంతు. అవధాని ఆవృత్తికొక పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలన్నీ పూర్తిచేస్తాడు. మధ్యలో దారి మళ్లించే అధికారం అప్రస్తుత ప్రసంగి ఒక్కరికే ఇచ్చారు. చివర ధారణ: చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం.

లైవ్‌లోని చాట్‌ను ఎవరూ వంతులుగా కూర్చోబెట్టరు. 2014లో హామిల్టన్, గారెట్సన్, కెర్న్ ఆటల ప్రసార వేదిక ట్విచ్ మీద చేసిన పరిశోధన ఒక సంగతి బయటపెట్టింది. చిన్న లైవ్‌లలో చాట్ సంభాషణలా నడుస్తుంది, జనం పెరిగేకొద్దీ అది చదవలేని హోరుగా మారుతుంది. తెలుగు లైవ్‌లలో ఆ హోరుకు పరిచితమైన రూపం ఉంది: "హాయ్ చెప్పండి సర్", "నా పేరు చదవండి", "నోటిఫికేషన్ ఎప్పుడు?" పేరుపేరునా పలకరిస్తూ పోయే మాస్టారు ఇరవైమందిని సంతోషపెట్టి మిగతావారిని పోగొట్టుకుంటారు. అసలు పలకరించనివారు అందరినీ పోగొట్టుకుంటారు.

అవధానం నుంచి తెచ్చుకోగల ఏర్పాట్లు మూడు. ప్రశ్నలకు వేళ కేటాయించడం మొదటిది: ప్రతి పావుగంటకూ మూడు నిమిషాలు. అడ్డు తగిలే పనిని ఒకరికే అప్పగించడం రెండోది. ఒక సహాయకుడు చాట్ చదివి, ఒకే రకం ప్రశ్నలను కలిపి, పక్కనుంచి గొంతెత్తి అడగాలి. స్లో మోడ్, నిషేధిత పదాల జాబితా ఆయన చేతిలో ఉండాలి. చివరి ఐదు నిమిషాల్లో వచ్చిన ప్రశ్నలు, తేలిన జవాబులు మళ్లీ చెప్పడం మూడోది. అవధాని ధారణ చేసినట్టు ఇది చూసేవారికి గంటసేపు ఏం దక్కిందో లెక్క చూపిస్తుంది.

అవధానంలో లేని చిక్కు ఒకటి లైవ్‌లో ఉంది: ఆలస్యం. యూట్యూబ్‌లో అతి తక్కువ ఆలస్యం ఎంచుకుంటే చూసేవారికి ప్రసారం 5 సెకన్లలోపు, తక్కువ ఆలస్యం అయితే 10 సెకన్లలోపు చేరుతుంది, మామూలు పద్ధతిలో ఇంకా ఎక్కువ. ఆలస్యం తగ్గించేకొద్దీ వీడియో ఆగి ఆగి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ప్రశ్న వేసి వెంటనే "ఎవరూ చెప్పట్లేదేంటి?" అని చిన్నబుచ్చే మాస్టారికి తెలియనిదేమిటంటే, ప్రశ్న ఇంకా విద్యార్థి చెవిన పడలేదు. ఆ తర్వాత వాడు ఆలోచించాలి, టైపు చేయాలి. అరనిమిషం పడుతుంది. ప్రశ్న రెండుసార్లు చదివి, ఐచ్ఛికాలు బోర్డుమీద రాసి, అప్పుడు చాట్ చూస్తే జవాబులు వచ్చి ఉంటాయి.

తెరమీది మనిషి తనతోనే మాట్లాడుతున్నాడన్న భావనను హోర్టన్, వోల్ 1956లోనే టీవీ వ్యాఖ్యాతల విషయంలో గుర్తించారు. అది ఏకపక్ష స్నేహమన్నారు. లైవ్ దాన్ని కొంత రెండువైపులా చేసింది, అందుకే దాని బలం, ప్రమాదం రెండూ పెరిగాయి. అన్నా అంటూ నెలల తరబడి చాట్‌లో పలికే కుర్రవాడు ఆ అన్న చెప్పిన కోచింగ్‌కు కళ్లు మూసుకుని ఫీజు కడతాడు.

ఎవరి గడియారం ప్రకారం?

లైవ్ ఎంతసేపుండాలన్నదానికంటే ఏ వేళకన్నది ముఖ్యం. కోవిడ్ కాలంలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా నడిపే ప్రపంచ సాహిత్య వేదిక నెల నెలా తెలుగు వెలుగు పేరుతో అంతర్జాల సదస్సులు మొదలుపెట్టాక, అమెరికాలోనూ ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఉన్న సాహిత్యాభిమానులు ఒకే గంటకు కూడటం అలవాటైంది. డాలస్‌కు హైదరాబాద్‌కు మధ్య వేసవిలో పదిన్నర గంటలు, శీతకాలంలో పదకొండున్నర గంటల తేడా. గడియారాలు మార్చే మార్చి, నవంబరు నెలల్లో రెండు సమయాలూ వేయకపోతే సగం సభ తప్పిపోతుంది. అక్కడ ఆదివారం ఉదయం, ఇక్కడ ఆదివారం రాత్రి భోజనాల వేళ అన్నదే ఇద్దరికీ కలిసే సందు.

బౌద్ధనగర్ విద్యార్థి గడియారం వేరు. పగలు గ్రంథాలయంలో ఉంటాడు, లైవ్ చూసేది పొద్దున గది వదిలేలోపు, లేదా రాత్రి మెస్సునుంచి వచ్చాక. మధ్యాహ్నం మూడింటికి పెట్టిన లైవ్‌కు జనం రాకపోతే తప్పు పాఠానిది కాకపోవచ్చు. వారంలో ఒకే రోజు, ఒకే వేళ పాటించడం, లింకు ఒకరోజు ముందే పెట్టి గుర్తుచేసే గంట నొక్కించడం జనాన్ని నెమ్మదిగా పెంచుతాయి.

మొదటి ఐదు నిమిషాల దగ్గర తెలుగు లైవ్‌లకు ఒక జబ్బుంది. "వినిపిస్తోందా? కనిపిస్తోందా? అందరూ జాయిన్ అయ్యేదాకా ఆగుదాం, ఈలోపు లైక్ కొట్టండి." వేళకు వచ్చినవారికి ఇది శిక్ష. రేపు రికార్డు చూసేవారు అక్కడే కట్టేస్తారు. వినిపిస్తోందో లేదో రహస్య లైవ్ ఒకటి పెట్టి ముందే చూసుకోవచ్చు. మొదటి నిమిషంలోనే ఆ రోజు తేలాల్సిన ప్రశ్న బోర్డు మీద ఉండాలి.

కెమెరా తిప్పకూడని చోట్లు

తేలని విషయమే జనాన్ని లాగుతుందన్న సూత్రానికి ప్రమాదకరమైన అంచు ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు 2009 శీతకాలంలో ఛానళ్ల ఓబీ వ్యాన్లు బారులు తీరిన రోజులు ఈ ప్రాంతానికి గుర్తే. తెలంగాణ ఉద్యమాన్ని ఊరూరికీ చేర్చింది ఆ ప్రత్యక్ష ప్రసారాలే. లాఠీ దెబ్బలు, ఆవేశాలు, కన్నీళ్లు కూడా వడపోత లేకుండా ఇళ్లలోకి వచ్చాయి. 2008 ముంబై దాడుల ప్రత్యక్ష ప్రసారాలను సుప్రీంకోర్టు 2012 తీర్పులో గట్టిగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నియమాలు మార్చి ఉగ్రవాద నిరోధక చర్యల లైవ్‌ను నిషేధించారు. 2025 ఏప్రిల్ 26న కేంద్రం ఇచ్చిన సూచన భద్రతా దళాల కదలికలను లైవ్‌లో చూపొద్దని సామాజిక మాధ్యమాలు వాడేవారిని కూడా కోరింది.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో హత్యాకాండను హంతకుడే ఫేస్‌బుక్‌లో ప్రసారం చేశాడు. లైవ్‌గా చూసినవారు 200 మందికంటే తక్కువ. తర్వాతి 24 గంటల్లో ఫేస్‌బుక్ తొలగించాల్సి వచ్చిన ప్రతులు 15 లక్షలు. లైవ్‌ను ఆపడం ఎంత కష్టమో, ఆగాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఇంకెంత కష్టమో ఈ రెండు అంకెలు చెబుతాయి.

రోజువారీ లైవ్‌కు పాటించాల్సినవి చిన్నవే. హాస్టల్ గదిలో కెమెరా తిప్పేముందు అక్కడున్నవారిని అడగాలి. అభ్యర్థి హాల్ టికెట్, ఫోన్ నంబరు తెరమీదికి రాకూడదు. వెనక సినిమా పాట వినబడితే యూట్యూబ్ గుర్తించి ప్రసారం స్థానంలో ఖాళీ బొమ్మ పెట్టేయవచ్చు. ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, మొదటిసారి అనుమతికి 24 గంటల దాకా పట్టవచ్చు. రేపు సభ అనగా ఇవాళ రాత్రి ఛానల్ తెరిచేవారు దెబ్బతినేది ఇక్కడే. 2025 జులై 22 నుంచి ఒంటరిగా లైవ్ పెట్టేవారికి కనీస వయసు 13 నుంచి 16కు పెరిగింది.

లైవ్ ముగిశాక

ఒకేసారి ఎంతమంది ఉన్నారన్న అంకె గర్వానికి పనికొస్తుంది, దిద్దుబాటుకు అంతగా పనికిరాదు. చూడవలసింది జనం ఏ నిమిషంలో వెళ్లిపోయారన్న గీత. అది నిలువునా పడిన చోట ఏం జరిగిందో వెతికితే చాలాసార్లు కారణం దొరుకుతుంది: నెట్ తెగి ఉంటుంది, లేదా పాఠం పక్కకుపోయి ఫీజుల ప్రకటన వచ్చి ఉంటుంది, లేదా చాట్‌లో ఒక్కరితోనే పది నిమిషాలు మాట్లాడి ఉంటారు. మొత్తం కామెంట్లకంటే వేర్వేరు మనుషులు ఎంతమంది రాశారన్నది మంచి కొలత.

12 గంటలు మించని లైవ్ యూట్యూబ్‌లో దానంతటదే భద్రమవుతుంది. గ్రూప్స్ పాఠాల విషయంలో లైవ్ చూసినవారికంటే తర్వాత ఒకటిన్నర వేగంతో చూసేవారే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. వారికోసం ముందు వెనకల వృథా కత్తిరించి, వివరణలో నిమిషాలవారీ శీర్షికలు పెట్టాలి. ఆ జాబితా 0:00తో మొదలై, కనీసం మూడు భాగాలు, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకుండా ఉంటే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపిస్తుంది. చాట్‌లో వచ్చి జవాబు దొరకని ప్రశ్నలను సహాయకుడు విడిగా రాసిపెడితే, వచ్చేవారం మొదటి నిమిషంలో బోర్డు మీద ఏం ఉండాలో అందులోనే దొరుకుతుంది.